కాలు బెణికితే రక్తపరీక్ష

సూర్యనారాయణ సారుకు సూదంటే భయం. ఆ మాట ఆయన ఒప్పుకోడు. "భయం కాదు, అవసరం కనపడలేదు" అంటాడు. యూనివర్సిటీలో తర్కశాస్త్రం చెప్పే మనిషి కాబట్టి ఆ మాటను ఎటు తిప్పినా తనదే పైచేయి అయ్యేట్టు చెప్పగలడు. ప్రొద్దుటూరు నుంచి చదువుకోడానికి వచ్చి, చదివిన చోటే ఉద్యోగం దొరికి, క్యాంపస్ క్వార్టర్సులో కాపురం పెట్టి, యాభై దాటేదాకా ఒక్క రక్తపరీక్ష కూడా లేకుండా నెట్టుకొచ్చాడు. కోవిడ్ టీకా మాత్రం తప్పలేదు. ఆ రోజు కూడా కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంటే, సూది వేసి చాలాసేపైందని నర్సు బతిమాలి చెప్పాక గానీ తెరవలేదు.

ఆయన భార్య లక్ష్మీదేవికి ఇది తెగని తగువు.

"రాత్రిపూట ఊరికూరికే లేస్తాండారు. బిందెడు నీళ్లు తాగుతాండారు. ఒకసారి షుగర్ చూపించుకుంటే ఏం పోతాది?" అనేది.

"ఎండాకాలం, దప్పికైతాది, తాగుతా. తాగినాను కాబట్టి లేస్తా. ఇందులో షుగర్ యాడుంది?" అనేవాడు ఆయన.

పిల్లలకు వాదన నేర్పడమే బతుకుతెరువుగా ఉన్నవాడితో ఏం వాదిస్తాం అనుకుని ఆమె వంటింట్లోకి పోయేది.

పక్క క్వార్టరులో వెంకటనర్సయ్య ఉంటాడు. జనగామ వైపు మనిషి. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సెక్షన్ ఆఫీసరు. మంచివాడు, మాటకారి, భారీ మనిషి. పొద్దున్నే ఇద్దరూ కలిసి క్యాంపస్‌లో నడకకు పోతారు. నడిచేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ.

కోవిడ్ గొడవ సద్దుమణిగి ఏడాది దాటాక, ఒక ఆదివారం పొద్దున, వెంకటనర్సయ్య ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి ఏదో చెప్తూ, కేబుళ్ల కోసం తవ్వి సగం పూడ్చిన గుంతలో కాలు పెట్టాడు.

"ఏం కాలే సార్, జర్ర బెణికింది" అన్నాడు లేస్తూ. పాదం నేలకు ఆనించేసరికి మొహం ఒక పక్కకు పోయింది.

సూర్యనారాయణ ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుని, గేటు దాకా తీసుకొచ్చి, ఆటో ఎక్కించి, తార్నాకలో ఒక ఆస్పత్రి ముందు దించాడు. అక్కడినుంచి మెట్లు. వెంకటనర్సయ్య ఒంటికాలి మీద ఎగురుతుంటే ఆ బరువంతా సూర్యనారాయణ మీద పడింది. లోపల కౌంటరు దగ్గరికి చేరేసరికి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. రొప్పుతున్నాడు.

కౌంటరులో అమ్మాయి తలెత్తకుండానే, "పేర్లు చెప్పండి" అంది.

"ఈయన వెంకటనర్సయ్య. నేను సూర్యనారాయణ."

"ఏజ్?"

ఇద్దరి వయసులూ చెప్పాడు. ఆ అమ్మాయి ఇద్దరి పేర్లూ కంప్యూటర్లో కొట్టింది. కోవిడ్‌లో ఇద్దరొస్తే ఇద్దరూ పేషెంట్లే. ఆ అలవాటు ఇంకా పోలేదు. అదేమీ తెలియక సూర్యనారాయణ చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

క్యాజువాల్టీలో వెంకటనర్సయ్యకు చక్రాల కుర్చీ ఇచ్చారు. వెంట వచ్చినవాళ్లు కూర్చోడానికి ఏమీ లేదు. ఒకప్పుడు గోడ వెంబడి కుర్చీలుండేవి. జనం గుమిగూడకూడదని కోవిడ్‌లో తీసేశారు. తీసినవి తీసినట్టే ఎక్కడో ఉండిపోయాయి. ఇక నిలబడలేక సూర్యనారాయణ ఖాళీగా ఉన్న మంచం అంచున కూర్చున్నాడు.

అదే ఆయన చేసిన పొరపాటు.

నర్సు రాహేలు వచ్చింది. మౌలాలిలో ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ఒక్క రోజు కూడా ఇంటిపట్టున ఉండకుండా డ్యూటీ చేసిన మనిషి. మంచం మీద యాభై దాటిన పెద్దమనిషి, చెమటలు, ఆయాసం. ఆమె మనసు ఇంకా ఏమీ అనుకోకముందే చేతులు పని మొదలుపెట్టాయి. సూర్యనారాయణ వేలికి క్లిప్పు పడింది. భుజానికి బీపీ పట్టీ చుట్టుకుంది.

"అమ్మా, పేషెంటును నేను కాదు" అన్నాడు.

"సరే సార్. మాట్లాడకుండ్రి, రీడింగ్ తప్పొస్తది."

"నేను ఆయనకు తోడొచ్చినాను."

"ఆయనకు గూడ తీస్తం సార్. ఎవ్వర్ని వదిలిపెట్టం."

"నాకేమీ కాలేదమ్మా. నేను బాగున్నా."

రాహేలు చేతులు ఆగాయి. ఆయన వైపు జాలిగా చూసింది. "సెకండ్ వేవ్ల అందరు గదే మాట అన్నరు సార్. బాగున్న, బాగున్న అనుకుంటనే వచ్చిండ్రు."

బాగాలేదంటే పేషెంటు. బాగున్నానంటే ఇంకా పెద్ద పేషెంటు. ఈ వాదనలోంచి బయటపడే దారి ఏ పుస్తకంలోనూ సూర్యనారాయణ చదవలేదు. క్లాసులో అయితే దీన్ని బోర్డు మీద రాసి పిల్లల చేత చప్పట్లు కొట్టించుకునేవాడు. ఇక్కడ మోచేతి పైన రబ్బరు పట్టీ బిగుస్తోంది. "కొంచెం చీమ కుట్టినట్టుంటది సార్" అన్న మాట వినపడింది. తర్వాత ఏమీ వినపడలేదు.

కళ్లు తెరిచేసరికి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఛాతీ మీద తీగలు, పక్కన సెలైను. ఇప్పుడిక పేషెంటును కానని ఎవరికీ చెప్పడానికి లేదు. పక్కనే చక్రాల కుర్చీలో వెంకటనర్సయ్య, మోచేతి మడతలో దూది పెట్టుకుని, బిస్కెట్లు తింటున్నాడు.

"సార్, పానం బాగలేదని మీరు ముందుగాల చెప్పొద్దా? ఉత్త కాలు పట్టుకొని మిమ్ముల గింత దూరం గుంజుకొస్తి" అన్నాడు బాధగా.

"నేను బాగానే ఉంటి నర్సయ్య గారూ. మీ కాలు ఏమన్నారు?"

"కాలు ఇంకెవ్వరు చూడలే. నొప్పికి గోలి ఇచ్చిండ్రు. రక్తం తీస్కపోయిండ్రు. మంచి సిస్టర్ సార్, నొప్పే తెల్వలే." ఇంకో బిస్కెటు తీసుకుని, "మేడంకు ఫోన్ చేసిన" అన్నాడు.

"ఏ మేడంకు?"

"మీ ఇంటి మేడంకే. సార్ పడిపోయిండని చెప్పిన. సీరియస్ ఏం లేదని గూడ చెప్పిన. గా మాట ఇన్నదో లేదో, ఫోన్ పెట్టేసింది."

లక్ష్మీదేవి ఆ రెండో మాట వినలేదు. సగం దువ్విన తలతో, ఒక కాలికి ఇంటి చెప్పు, ఇంకో కాలికి బయటి చెప్పుతో వచ్చింది. మొగుడు కళ్లు తెరిచి ఉండడం చూసి మంచం కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆయన చెయ్యి పట్టుకుని, వదిలేసి, దుప్పటి మోకాళ్ల దాకా లాగింది.

కాసేపటికి డ్యూటీ డాక్టరు భార్గవి రిపోర్టులతో వచ్చింది. చిన్నపిల్ల. సూర్యనారాయణ దగ్గర చదివే రీసెర్చి విద్యార్థుల్లో కొందరు ఆమె కంటే పెద్దవాళ్లు.

ముందు వెంకటనర్సయ్య వైపు తిరిగి, "అంకుల్, మీవన్నీ నార్మల్" అంది.

"అన్ని నార్మలా మేడం? కిడ్నీలు?"

"నార్మల్."

"లివరు?"

"అది కూడా. ఎక్కడా ఏమీ లేదు. మీరు వెళ్లొచ్చు."

వెంకటనర్సయ్య మొహం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఊరివాళ్ల పరీక్షలన్నీ జరిపించినవాడు, తన పరీక్షలో అన్నిట్లో పాసయ్యాడు. కుర్చీని తనే తోసుకుంటూ తలుపు దగ్గరికి పోయి, ఫోన్ తీసి, తెలిసినవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. ఆ సంతోషంలో తన కాలి మాట ఆయనే మర్చిపోయాడు.

భార్గవి ఇటు తిరిగింది. గొంతు మారింది. "సార్, మీకు షుగర్ ఉంది. రెండొందల అరవై."

సూర్యనారాయణ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు. లక్ష్మీదేవి ఆయన వైపు చూసింది. ఆమె ఏమైనా అని ఉంటే ఆయన ఏదో ఒక జవాబు వెతుక్కునేవాడు. ఆమె మాత్రం నేరుగా రాహేలు దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుని, "నీ కడుపు సల్లగుండ తల్లీ. ఇన్నేండ్లు నా వల్ల కాని పని చేస్తివి" అంది.

"ఇంకొకటుంది సార్" అంది భార్గవి. "డీ-డైమర్ కొంచెం ఎక్కువుంది. రక్తం ఎక్కడైనా గడ్డ కడుతుంటే అది పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లో ఏమైనా ఉందేమో స్కాన్ తీద్దాం. చేతికి సూది పెట్టి, మందు ఎక్కించి తీస్తారు."

సూది అన్న మాటతో సూర్యనారాయణలోని అధ్యాపకుడు లేచి కూర్చున్నాడు.

"అమ్మా, ఒక్క సందేహం. ఆ పరీక్ష నాకు ఎందుకు రాశారు?"

"ఎక్కువుందేమో చూడ్డానికి సార్."

"ఎక్కువుంటుందని మీకు ఎందుకు అనుమానం వచ్చింది?"

భార్గవి ఒక్క క్షణం ఆలోచించింది. నిజం చెప్పే పిల్ల. "అనుమానం రాలేదు సార్. సెట్లో ఉంది."

"సెట్టంటే?"

"కోవిడ్‌లో పెట్టుకున్నాం. ఒక్క బటన్ నొక్కితే ఏడెనిమిది టెస్టులు ఒకేసారి వెళ్తాయి. అప్పుడు ఎవరొచ్చినా అదే. ఇప్పుడు కూడా... నలభై దాటినవాళ్లు మంచమెక్కితే సిస్టర్ ముందే బ్లడ్ తీసేస్తుంది. టైం కలిసొస్తుందని."

"కోవిడ్ కంటే ముందు ఏం చేసేవాళ్లు?"

"నాకు తెలియదు సార్. నేను హౌస్ సర్జన్‌గా చేరిందే కోవిడ్‌లో. అడుగు, చెయ్యి వేసి చూడు, విను, ఆ తర్వాతే టెస్ట్ రాయి అని మా ప్రొఫెసర్లు చెప్పారు. తీరా మేం వార్డులోకి వచ్చేసరికి ఎవర్నీ ముట్టుకోవద్దన్నారు. అద్దం ఇవతల నిలబడి రాయడమే. మనిషి ఏం చెప్తున్నాడో మాస్కులో వినపడేది కాదు. రిపోర్టు చూసి తెలుసుకునేవాళ్లం."

"ఇప్పుడు అద్దం లేదు కదమ్మా."

ఈ ఒక్క మాటతో వాదన తనదైందని సూర్యనారాయణకు తెలుసు. భార్గవి మంచం కాళ్ల వైపు చూస్తూ నిలబడింది. రాహేలే మాట్లాడింది.

"చంద్రయ్యని ఒకాయన వచ్చిండు సార్ సెకండ్ వేవ్ల. క్యాంపస్ బయట టీ బండి ఆయనది. నడుసుకుంట వచ్చి గీ మంచం మీదనే కూసున్నడు. నేను మంచిగనే ఉన్న, ముందుగాల ఆళ్లను చూడుండ్రని ఎనకొచ్చినోళ్లను చూపెట్టిండు. మేడంను నవ్విచ్చిండు గూడ. రిపోర్టు వచ్చి, మేడం ఉరికొచ్చేసరికి..."

"మొహం చూస్తే ఏమీ తెలియలేదు సార్" అంది భార్గవి. "ఆయన రక్తానికి తెలుసు, నాకు తెలియలేదు. అప్పట్నుంచి మొహాలు చూసి ఎవర్నీ ఇంటికి పంపలేకపోతున్నా."

సూర్యనారాయణకు ఆ టీ బండి తెలుసు. ఇప్పుడు అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. వాదనలో గెలవడం ఆయనకు కొత్త కాదు గానీ, ఈసారి గెలవాలనిపించలేదు. ఆయనే అన్నాడు.

"అమ్మా, నేను మిమ్మల్ని నవ్వించను. అబద్ధం చెప్పను. అడగాల్సింది అడగండి, చెయ్యి వేసి చూడండి. అప్పుడు కూడా మీకు స్కాన్ కావాలనిపిస్తే, సూదికి చెయ్యి నేనే చాపుతా."

లక్ష్మీదేవి ఆశ్చర్యంగా చూసింది. పెళ్లైనప్పట్నుంచి ఆయన నోట ఇలాంటి మాట ఆమె వినలేదు.

భార్గవి స్టెతస్కోపు చెవులకు పెట్టుకుంది. వీపు మీద, ఛాతీ మీద, అక్కడా ఇక్కడా ఆనించి చాలాసేపు విన్నది. రెండు పిక్కలూ ఒత్తి, రెంటినీ పోల్చి చూసింది. ముందు కొంచెం తడబడింది గానీ పోనుపోను చెయ్యి కుదురుకుంది.

"ఆయాసం ఎప్పుడు మొదలైంది సార్?"

"మీ మెట్లు ఎక్కేటప్పుడు."

"మెట్లెక్కితే ఎప్పుడూ వస్తుందా?"

"రాదు. ఇవాళ నర్సయ్య గారిని మోస్తా ఎక్కినాను."

భార్గవి తలుపు వైపు చూసింది. కుర్చీ నిండా కూర్చుని ఫోన్‌లో ఎవరికో లివరు సంగతి చెప్తున్న వెంకటనర్సయ్య కనిపించాడు. ఆ పూట ఆమె మొదటిసారి నవ్వింది.

"పొద్దున ఏమైనా తిన్నారా?"

"లేదు."

"సూదంటే భయమా?"

సూర్యనారాయణ భార్య వైపు చూశాడు, రాహేలు వైపు చూశాడు. "అవును" అన్నాడు.

భార్గవి కాగితం మళ్లీ చూసింది. "మీ వయసుకు ఈ మాత్రం ఉంటే ఎక్కువని లెక్క కాదు సార్. స్కాన్ వద్దు. షుగర్‌కు మందు రాస్తా." రాస్తున్నంతసేపూ పెన్ను ఆగుతూ ఆగుతూ కదిలింది. రాసిచ్చాక కూడా కాగితం చివర వెంటనే వదల్లేదు. "రేపు పొద్దున్నే నాకు ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే నేనే మీ క్వార్టర్స్‌కి వచ్చేస్తా."

మర్నాడు పొద్దున సూర్యనారాయణ మాట నిలబెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నారు సార్?" అంది భార్గవి. ఫోను కోసమే కూర్చుని ఉన్నట్టుంది గొంతు.

"బాగున్నానమ్మా. ఆయాసం లేదు. మా ఇంట్లో చక్కెర డబ్బా కూడా లేదు."

"హమ్మయ్య. థాంక్యూ సార్."

"నర్సయ్య గారికే కొంచెం ఇబ్బందిగా ఉంది."

"ఆయనవన్నీ నార్మల్ కదా సార్."

"రక్తం నార్మలే. కాలే సొరకాయంత అయింది."

"ఏ కాలు సార్?"

"కుడికాలు."

"అది కాదు సార్. కాలికేమైంది?"

సూర్యనారాయణ ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "అమ్మా, మేము నిన్న మీ దగ్గరికి వచ్చిందే ఆ కాలు చూపించుకోడానికి."

ఫోన్ కట్ అయిందేమోనని ఆయన రెండుసార్లు హలో అన్నాడు. చివరికి భార్గవి సన్నగా, "ఆయన్ని నడవనీయకండి సార్. అంబులెన్సు పంపిస్తున్నా" అంది.

ఎక్స్‌రేలో పాదం చిటికెన వేలి వైపు ఎముక చిట్లినట్టు కనిపించింది. పిండికట్టు వేస్తున్నంతసేపూ రాహేలు ఆ కాలును తన చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. కదలనియ్యలేదు. భార్గవి పక్కనే నిలబడి, "సారీ అంకుల్. అన్నీ చూశాం, కాలు చూడలేదు" అంది.

"ఫర్వాలే మేడం" అన్నాడు వెంకటనర్సయ్య. "లోపటంత మంచిగున్నది గద. కాలు దానిదేమున్నది, అతుక్కుంటది."

రాహేలు సూర్యనారాయణతో మెల్లగా అంది. "నిన్న మీరు పేషెంటును కాదని మొత్తుకున్నరు సార్. నేనే ఇనలే."

"నువ్వు వినలేదు కాబట్టే కదమ్మా షుగర్ బయటపడింది."

"గది వేలికి సూది తాకిస్తే తెలుస్తుండె సార్. గన్ని ట్యూబులు అక్కర లేకుండె" అంది రాహేలు. అని, మళ్లీ కాలు వైపు చూసింది.

ఆ వారమే భార్గవి పెద్ద డాక్టర్ల మీటింగులో లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ సెట్టు పెట్టిన పెద్దాయన మొదట ససేమిరా అన్నాడు. వెంకటనర్సయ్య కాలి ఎక్స్‌రేను ఆమె బల్ల మీద పెట్టాక ఊరుకున్నాడు. బటన్ తీసేశారు. ఏ టెస్టు కావాలంటే ఆ టెస్టు, ఎందుకో చెప్పి విడిగా రాయాలన్నారు. స్టాఫుకు ప్రశ్నలు అడగడం ఎలాగో చెప్పమని సూర్యనారాయణను పిలిచారు. ఆయన హుషారుగా పోయి, అనుమానానికీ సంశయానికీ తేడాతో మొదలుపెట్టి, ఇద్దరు హౌస్ సర్జన్లు నిద్రపోయేదాకా చెప్పాడు. ఇంకా చెప్పేవాడే గానీ వార్డులోంచి పిలుపొచ్చి మిగిలినవాళ్లు లేచిపోయారు.

రాహేలుకు మొదట్లో చేతులు ఊరుకోలేదు. ట్రేలోంచి ట్యూబులు తీయడం, భార్గవి వైపు చూడడం, మళ్లీ లోపల పెట్టడం. ఒకసారి వార్డుబాయ్ మంచం మీద కూర్చుని చెప్పులు వేసుకుంటుంటే అతని చేతికి రబ్బరు పట్టీ చుట్టేసి, గుర్తొచ్చి, విప్పేసిందని భార్గవే సూర్యనారాయణకు చెప్పి నవ్వింది.

అసలు చిక్కు ఆస్పత్రికొచ్చే జనంతో ఎదురైంది. కోవిడ్ రోజుల్లో ఇంటింటా టెస్టుల పేర్లు నోటికొచ్చేశాయి. టెస్టు రాయని డాక్టరంటే వాళ్లకు నమ్మకం కుదరడం లేదు.

నెల తర్వాత సూర్యనారాయణ షుగర్ చూపించుకోడానికి లక్ష్మీదేవితో వచ్చి, గోడ వెంబడి కొత్తగా వేసిన కుర్చీల్లో కూర్చున్నాడు. ఎదురుగా మంచం మీద మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చిన బుచ్చవ్వ అనే పెద్దావిడ కడుపు పట్టుకుని కూర్చుని, అంత నొప్పిలోనూ భార్గవితో కొట్లాడుతోంది.

"మా పక్కింటామెకు అయిదు టెస్టులు రాసిండ్రంట గీ దవాఖానలనే. నాకేం తక్కువ బిడ్డా?"

"ఏం తక్కువ లేదవ్వా. ముందు చూడనీ, తర్వాత రాస్తా."

"సూస్తే ఏం తెలుస్తది? రక్తం తియ్యి. గదేందది, డీ డమ్మరో ఏందో, గది చెయ్యి." బుచ్చవ్వ కుర్చీల వైపు తిరిగింది. "మీరన్న చెప్పుండ్రి సార్. రక్తం తియ్యకుంట రోగం ఎట్ల తెలుస్తది?"

సూర్యనారాయణ కళ్లద్దాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. లక్ష్మీదేవి మోచేత్తో పొడిచింది. ఆయన నోరు మూసుకున్నాడు.

భార్గవి బుచ్చవ్వను పడుకోబెట్టి, మంచం అంచున కూర్చుని, రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చబెట్టుకుంది. నిన్న ఏం తిన్నదీ, నొప్పి ఎక్కడ మొదలైందీ, ఎటు పాకిందీ అడుగుతూ కడుపు మీద చెయ్యి వేసింది. బుచ్చవ్వ పైకప్పు వైపు చూస్తూ, తను పోయిన దవాఖానలన్నీ ఏకరువు పెడుతోంది. భార్గవి చెయ్యి బొడ్డు దగ్గర్నుంచి కుడి పక్కకు, పక్కటెముకల కిందికి జరిగింది. లోపలికి ఒత్తి, "గట్టిగా ఊపిరి తీసుకో అవ్వా" అంది.

బుచ్చవ్వ ఊపిరి తీసుకోబోయి, సగంలో ఆగి, భార్గవి మణికట్టు పట్టుకుంది.

"గాడ్నే బిడ్డా" అంది. "సరిగ్గ గాడ్నే. ఇన్ని దినాలసంది ఎవ్వలు ఆడ చెయ్యి పెట్టి చూడలే."